తాబేళ్ళ లెక్క వ్రాసిన ఉపాధ్యాయుడు: ఆర్చీ కార్ జీవితము

మన కోటగిరికి సముద్రము మిక్కిలి దూరము. మన విద్యార్థులలో సముద్రమును కన్నులార చూచినవారు కొద్దిమందియే. అయినను మన మంజీర కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. ఆ గోదావరి అనేక సీమలను దాటి అంతర్వేది యొద్ద బంగాళాఖాతమున పడును. మన పొలములను తడిపి మిగిలిన నీరు ఏనాటికైనను సముద్రమునే చేరును గాన, సముద్రములోని జీవుల కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి విద్యుచ్ఛక్తి పాఠము చెప్పుచు, యంత్రమును త్రిప్పిన ఆవిరిని మరల నీరుగా మార్చుటకు మిక్కుటమైన చల్లని నీరు కావలెననియు, అందుచే కొన్ని విద్యుత్కేంద్రములను సముద్రతీరమున కట్టుదురనియు మేము చెప్పితిమి. వెంటనే ఒక బాలుడు లేచి, ఆ నీటితో కూడ లోనికి కొట్టుకొనివచ్చు ప్రాణుల గతి ఏమగునని అడిగెను. నిజాంసాగరు కాలువ తూము యొద్ద చేపలు ఈడ్వబడి వచ్చుట చూచిన బాలుడతడు. మాకు ఆ క్షణమున తగిన సమాధానము తోచలేదు. మరునాడు చెప్పెదమని కూర్చుండబెట్టితిమి. ఆ సమాధానమును వెదకుచు పోగా, మాకొక ఉపాధ్యాయుని జీవితము దొరికెను. దానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆర్చీ కార్ 1909వ సంవత్సరము జూను 16వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అలబామా రాష్ట్రమున మొబీల్ పట్టణములో జన్మించెను. తండ్రి ప్రెస్బిటేరియను సంఘపు కాపరి. తల్లి పియానో వాద్యమును నేర్పు ఉపాధ్యాయిని. తండ్రి పనినిబట్టి ఆ కుటుంబము టెక్సాసులోను, పిదప జార్జియాలోని సవన్నాలోను నివసించెను. బాలుడైన ఆర్చీకి పాములన్నను తాబేళ్ళన్నను వెఱపు లేకపోగా, వానిని పెరటిలో పెంచుటయే వేడుకగా నుండెడిది. మనుష్యుల మాటల తీరునందును ఆయనకంతటి ఆసక్తియే. ఆ తీరప్రాంతపు నల్లజాతివారు మాటలాడు గల్లా భాషను చెవియొగ్గి విని నేర్చుకొనెను. ముందు ముందు ఏ పుస్తకమునందును లేని సంగతులను బెస్తవారి నోటినుండి వినవలసియున్న వానికి ఈ అలవాటు గొప్ప పెట్టుబడి అయ్యెను.

కళాశాలలో ఆయన మొదట చేరినది ఆంగ్ల సాహిత్యము కొఱకు. ఆ దినములలోనే ఎముకకు పుట్టిన వ్యాధిచే పలుమార్లు శస్త్రచికిత్స పొందవలసివచ్చెను. ప్రాణము దక్కినది గాని, ఒక చేయి మోచేతి యొద్ద వంగక బిగిసిపోయెను. ఆ చేతితోనే ఆయన జీవితకాలమంతయు చిత్తడినేలలలోను, సముద్రపు ఇసుకలోను తిరిగెను. సాహిత్యమునుండి జీవశాస్త్రమునకు మరలి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున 1932లో పట్టమును, 1934లో పై పట్టమును, 1937లో డాక్టరు పట్టమును పొందెను. జంతుశాస్త్రమున ఆ విశ్వవిద్యాలయమిచ్చిన మొదటి డాక్టరు పట్టము అదియే. ఆ సంవత్సరమే మార్జొరీ హారిస్ అను జీవశాస్త్ర విద్యార్థినిని వివాహమాడెను. వారికి ఐదుగురు సంతానము. ఆమెయు సామాన్యురాలు కాదు. ఫ్లోరిడాకు అడ్డముగా ఓడల కాలువను త్రవ్వి ఓక్లవాహా నదిని పాడుచేయబూనిన ప్రభుత్వ ప్రయత్నమును సంవత్సరముల తరబడి ఎదిరించి, 1971లో ఆ పని నిలిచిపోవునట్లు చేసిన ధీరురాలు.

కార్ తుదివరకును ఉపాధ్యాయుడే. మధ్యలో 1945 మొదలు 1949 వరకు హాండురాస్ దేశములోని ఒక వ్యవసాయ పాఠశాలలో బోధించెను. అచ్చట స్పానిష్ భాషయు, అడవులును, తీరపు జనుల జీవనమును ఆయనకు పరిచితములయ్యెను. 1952లో ఆయన వ్రాసిన తాబేళ్ళ గ్రంథము విద్వాంసుల మన్నన పొందెను. ఆ గ్రంథము వ్రాయునప్పుడే ఆయనకొక సంగతి స్పష్టమయ్యెను. కొలనులలోని తాబేళ్ళను గూర్చి తెలిసినంతలో, సముద్రపు తాబేళ్ళను గూర్చి లోకమునకు తెలిసినది అత్యల్పము. పెద్ద పెద్ద ఓడలు శతాబ్దములుగా వానిని మాంసము కొఱకు వెల్లకిల త్రోసి మోసికొనిపోయెను. కాని అవి ఎచ్చటనుండి వచ్చునో, ఎచ్చటికి పోవునో, ఎన్ని సంవత్సరములకొకసారి గ్రుడ్లు పెట్టునో చెప్పగలవారు లేకపోయిరి.

అందు రిడ్లీ యను చిన్న తాబేలు ఆయనను మిక్కిలి వేధించెను. మెక్సికో సింధుశాఖలో బెస్తవారి వలలలో పడు ఈ తాబేలు ఎచ్చట గ్రుడ్లు పెట్టునో ఎవరును ఎఱుగరు. అది రెండు జాతుల సంకరమనియు, గొడ్డుదనియు, గ్రుడ్లే పెట్టదనియు బెస్తవారు చెప్పెడివారు. కార్ ఇంచుమించు ఇరువది సంవత్సరములు తీరము వెంబడి ఊరూర అడిగెను. తుదకు ఆ మర్మమును విప్పినది ఆయన కాదు. 1947లో ఒక మెక్సికో ఇంజనీరు రాంచో నువేవో అను తీరమున తీసిన చలనచిత్రమొకటి 1961లో శాస్త్రజ్ఞుల కంటబడెను. అందు పట్టపగలు ఒక్క దినముననే నలుబదివేల రిడ్లీ తల్లులు ఇసుకపైకి వచ్చినట్లు లెక్కించిరి. తాను ఇన్నేండ్లు వెదకినది మఱియొకనికి దొరికెనని ఆయన చిన్నబుచ్చుకొనలేదు; పసివానివలె ఆనందించెను. మన బంగాళాఖాతమున గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లీ దీనికి చెల్లెలివంటి జాతి. ఒరిస్సాలోని గహిర్‌మఠ తీరమున అవి మందలుగా వచ్చుట 1974 తరువాతనే శాస్త్రలోకమునకు తెలియవచ్చెను.

కోస్టారికా దేశపు తూర్పుతీరమున టోర్టుగేరో అను ఊరు కలదు. అచ్చటి నల్లని ఇసుక సుమారు 35 కిలోమీటర్ల పొడవున పరచుకొనియున్నది. పచ్చతాబేళ్ళు ప్రతి వర్షఋతువున అచ్చట గ్రుడ్లు పెట్టును. రాత్రివేళ తల్లి తాబేలు ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో గుంత త్రవ్వి, నూరు గ్రుడ్ల వరకు పెట్టి, ఇసుక కప్పి, మరల నీటిలోనికి పోవును. రెండు మాసములకు పిల్లలు తమంతట తామే బయలువెడలును. 1955లో కార్ అచ్చట తాబేళ్ళకు గుర్తుబిళ్ళలు కట్టు పని ప్రారంభించెను. మొదట డిప్పకు రంధ్రము చేసి తీగెతో కట్టిన బిళ్ళలు ఊడిపోయెను. పిదప పశువుల చెవులకు వేయు లోహపు బిళ్ళలను తెచ్చి, తెడ్డువంటి ముందుకాలికి వేసెను. అవి నిలిచెను. మన సంతలో గేదె చెవికి చూచెడి బిళ్ళవంటిదే శాస్త్రమునకు క్రొత్త ద్వారము తెఱచెనన్నమాట.

ఆ బిళ్ళపై ఒక సంఖ్యయు, తిరిగి పంపినవారికి ఐదు డాలర్ల బహుమానమను మాటయు, చిరునామాయు చెక్కబడియుండెను. కొంతకాలమునకు జాబులు రాసాగెను. నికరాగువానుండియు, దూరపు దీవులనుండియు బెస్తవారు తమకు తోచిన భాషలో, తాము పట్టిన తాబేలు సంగతి వ్రాసి బిళ్ళను పంపిరి. ప్రతి జాబునకును కార్ బదులు వ్రాసి బహుమానము పంపెను. ఇట్లు చేరిన బిళ్ళలనుబట్టి, టోర్టుగేరో తల్లులు వందలాది మైళ్ళ దూరమునుండి వచ్చుచున్నవనియు, ఏటేట గాక రెండు మూడు సంవత్సరములకొకసారి వచ్చుననియు, అట్లు వచ్చినప్పుడు వేరొక తీరమును నమ్మక ఆ తీరమునకే మరలుననియు తేలెను. అట్లాంటిక్ మహాసముద్రము నడుమ ఏకాకిగానున్న అసెన్షన్ ద్వీపమున బిళ్ళ వేసిన తాబేళ్ళు రెండువేల కిలోమీటర్లకు పైగా దూరమున బ్రెజిల్ తీరమున దొరకెను.

1956లో ఆయన తన తీరయాత్రలను గూర్చి విండ్‌వర్డ్ రోడ్ అను గ్రంథము ప్రకటించెను. దానిని చదివి మనసు కరిగిన ఒక పత్రికా వ్యాపారి, జాషువా పవర్స్ అనువాడు, మిత్రులను కూడగట్టి పచ్చతాబేలు సోదరసంఘమని పేరుపెట్టెను. 1959లో అది కరీబియన్ సంరక్షణ సంస్థగా రూపొందెను. అమెరికా నౌకాదళపు విమానములు తోడ్పడగా, 1960 తరువాతి సంవత్సరములలో వేలకొలది తాబేలు పిల్లలను టోర్టుగేరోనుండి అనేక దేశముల తీరములకు కొనిపోయి విడిచిరి. అచ్చట క్రొత్త సంతతి నెలకొనునని ఆశ. ఆ ఆశ ఫలింపలేదు. కార్ ఈ సంగతిని దాచలేదు. ఫలించిన ప్రయోగము వలెనే ఫలింపని ప్రయోగమును గూడ లెక్కలో వ్రాయవలెనను నియమము ఆయనది. కాని టోర్టుగేరో తీరము మాత్రము 1970 దశకమున జాతీయవనమై రక్షణ పొందెను.

ఇక మా బాలుని ప్రశ్నకు వత్తుము. ఫ్లోరిడా తూర్పుతీరమున హచిన్సన్ ద్వీపముపై సెయింట్ లూసీ అణువిద్యుత్కేంద్రము కలదు. అందు మొదటి యంత్రము 1976లోను, రెండవది 1983లోను పనిచేయనారంభించెను. తీరమునుండి సుమారు 1200 అడుగుల దూరమున సముద్రగర్భమున గొట్టముల నోళ్ళు ఉన్నవి. వానిపై కట్టిన కప్పులు చూపునకు రాతిగుట్టల వలె నుండును. తాబేళ్ళు నీడకో ఆహారమునకో అచ్చట చేరి, నీటి వడికి లోనికి ఈడ్వబడును. కొన్ని నిమిషములలో గొట్టము దాటి, ద్వీపములోని వెడల్పైన కాలువలో తేలును. వచ్చిన దారిని ఎదురీది పోజాలవు. ముందుకు పోయినచో యంత్రముల జాలీలున్నవి. తాబేలు నీటిలో నివసించినను ఊపిరి పీల్చునది గాలినే గాన, వలక్రింద చిక్కి పైకి రాలేనిచో మరణించును.

కావున కేంద్రము నడచిన తొలినాళ్ళనుండియు ఆ కాలువలో అడ్డువలలు కట్టి, జీవశాస్త్రజ్ఞులను నియమించిరి. వారు పడవలపై తిరుగుచు, తేలెడి వలలతోను, చేతివలలతోను, ఒక్కొక్కప్పుడు తామే నీట మునిగియు తాబేళ్ళను పట్టుదురు. వల వేసినప్పుడు దానిని విడిచిపోక కనిపెట్టియుందురు. పట్టిన ప్రతి తాబేలును కొలిచి, తూచి, గాయములు చూచి, ముందుకాలికి బిళ్ళ వేసి, చర్మము క్రింద చిన్న చిప్పు ఉంచి, సముద్రమున విడుతురు. రోగముగానున్న వానిని చికిత్సాలయమునకు పంపుదురు. ఇట్లు పట్టి విడిచిన లెక్క పదివేలను ఏనాడో దాటినది. అచ్చటి సముద్రమునకు వచ్చు ఐదు జాతులును, రిడ్లీతో సహా, ఆ కాలువలో కనబడినవి.

ఈ పని కార్ స్వయముగా నడపినది కాదు. అయినను బిళ్ళ, కొలత, తేదీ, మరల పట్టినప్పుడు పాత పుటతో సరిచూచుట అను ఈ వరుసలో టోర్టుగేరో ఇసుకపై ఆయన అలవరచిన క్రమమే మనకు గోచరించును. ఆ కాలువలో కొన్ని తాబేళ్ళు మరణించిన మాటయు నిజము. మొదటి వల కన్నులు ఎనిమిది అంగుళములు. చిన్న పచ్చతాబేళ్ళు దానిలోనుండి దూరిపోయెడివి. 1995లో అట్టి చిన్నవి మునుపెన్నడును లేనంతగా వచ్చుట లెక్కలో కనబడగా, 1996లో ఐదంగుళముల కన్నుల వలను కట్టిరి. మరణములు లెక్కలో వ్రాయబడకపోయినచో ఆ వల మారియుండెడిది కాదు.

ఆ చిన్నవి ఎచ్చటనుండి వచ్చెను? ఇదియు కార్ జీవితకాలపు ప్రశ్నయే. ఇసుకనుండి వెడలి అలలలో పడిన పిల్ల, అరచేతి ప్రమాణమునుండి పళ్ళెము ప్రమాణమునకు పెరుగువరకు ఎవరికిని కనబడదు. దానిని ఆయన తప్పిపోయిన వత్సరమనెడివాడు. ముప్పది సంవత్సరములు వెదకి, నడిసముద్రమున ప్రవాహములు కలిసికొను చోట గుమిగూడిన నాచుతెట్టెలలో ఆ పిల్లలు తలదాచుకొనునని 1986లో ఒక వ్యాసము ప్రకటించెను. తప్పిపోయినది ఒక్క వత్సరము కాదనియు, పలు వత్సరములనియు తెలియవచ్చెను. ఆ వత్సరములు గడచి తీరము చేరినవే సెయింట్ లూసీ కాలువలో పడిన పిల్ల తాబేళ్ళు.

ఆ వ్యాసము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1987 మే 21వ తేదీన, మికనోపీ యొద్ద కొలను ఒడ్డునున్న తన యింట కార్ కేన్సరు వ్యాధిచే మరణించెను. వయస్సు 77 సంవత్సరములు. అప్పటి స్థితిని తలచిన హృదయము బరువెక్కును. నలుబదివేల తల్లులు ఒక్కనాడు వచ్చిన రాంచో నువేవోలో 1985వ సంవత్సరపు ఋతువంతటికిని కనబడిన గూళ్ళు 702 మాత్రమే. ఫ్లోరిడాలో ఆయన ప్రేమించిన ఒక తీరభాగమున పచ్చతాబేళ్ళ గూళ్ళు ఏడాదికి యాభైకి లోపుగా నుండెను. పచ్చతాబేలు తల్లియగుటకు ఇరువది ముప్పది సంవత్సరములు పట్టును. ఆయన కాపాడిన పిల్లలు పెరిగి తల్లులై వచ్చునో రావో చూచుటకు ఆయన ఆయుష్షు చాలలేదు.

అవి వచ్చెను. ఆ తీరభాగమును 1991లో ఆయన పేరిట వన్యప్రాణి శరణాలయముగా స్థాపించిరి. యాభై గూళ్ళయినను లేని ఆ ఇసుకలో 2013 మొదలు పదివేల గూళ్ళు దాటిన ఋతువులు కలవు. రిడ్లీ గూళ్ళు మెక్సికోలో ఇరువదివేలు దాటిన సంవత్సరములును కలవు. 2025 అక్టోబరులో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము పచ్చతాబేలును అపాయమున నున్న జాతుల పట్టికనుండి తొలగించెను. అన్ని సముద్రములలోను అన్ని జాతులును కోలుకొన్నవని దీని భావము కాదు. మన ఆంధ్రతీరమున శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు ఆలివ్ రిడ్లీలు ప్రతి శీతకాలపు చివర గ్రుడ్లు పెట్టుచున్నవి. మర పడవల వలలలో ఊపిరాడక చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చుచున్నవియు అనేకములు. ఆ ఇసుకపై రాత్రులు తిరిగి గ్రుడ్లను ఏరి కంచెలలో పొదిగించి పిల్లలను విడుచు అటవీశాఖవారును, బెస్త యువకులును మన తెలుగువారే. వారు వ్రాయుచున్న లెక్కయే రేపటి తీర్పునకు ఆధారము.

మరునాడు చెప్పెదమన్న సమాధానమును మేము రెండు మాసములకు గాని చెప్పలేకపోతిమి. లోనికి వచ్చిన ప్రాణులలో కొన్ని చచ్చును. ఒడ్డున నిలిచి చూచి, లెక్క వ్రాసి, తప్పు దిద్దువాడున్నచో పెక్కు బ్రదుకును అని ఆ బాలునితో చెప్పితిమి. అట్లయిన మన కాలువ తూము యొద్ద లెక్క వ్రాయువారెవరని అతడు మరల అడిగెను. ఈ వేసవినుండి తానే వ్రాయుదునని ఒక పుస్తకము కుట్టుకొన్నాడు.

మాకును ఒక పని తట్టినది. మన పాఠశాల బీరువాలో పూర్వవిద్యార్థుల పట్టిక యొకటి కలదు. అందు పేరు, చేరిన తేదీ, విడిచిన తేదీ మాత్రమే యున్నవి. అటుపిమ్మట గడి ఖాళీ. మన పల్లెలనుండి దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోయినవారెందరో. 2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడిన పిదప తండ్రుల వెంట ఊళ్ళు విడిచిన పిల్లలెందరో. ఇన్ని సంవత్సరములు పాఠము చెప్పితిమి గాని, వారేమైరో మేము విచారించి వ్రాయలేదు. ఇది మా లోపమే. ఆర్చీ కార్ ప్రతి జాబునకును బదులు వ్రాసెను. మేమును వ్రాయుదుము. ఈ సంచిక చేతికందిన పూర్వవిద్యార్థులారా, ఎచ్చటనున్నను ఒక్క కార్డుముక్క పాఠశాలకు పంపుడు. ఐదు డాలర్ల బహుమానమిచ్చు స్తోమత మాకు లేదు. మీ పేరునకెదురుగా నున్న ఖాళీ గడిలో ఊరిపేరు వ్రాసికొందుము.